పిల్ల పేరుకి హెచ్ కావాలట!

ఏమర్రా, ఒక్క ఆడపిల్లకి పేరు పెట్టడానికి ఇంత యాతన దేనికో నాకు అర్థం కాదు. ముహూర్తం కుదిరింది, బియ్యం పళ్ళెం వచ్చింది, బంగారు ఉంగరం వచ్చింది, మేనత్త పీట మీద కూర్చుంది, తండ్రి బియ్యంలో పేరు రాశాడు, వచ్చినవాళ్ళంతా అక్షింతలు వేసి భోజనాలు చేసి వెళ్ళిపోయారు. ఇంకా పేరు తేలలేదంటారు! పేరు అమృత. అది అందరికీ ఇష్టమే. తేలనిదల్లా ఇంగ్లీషులో దాన్ని ఎలా రాయాలన్నదట. ఆర్ తర్వాత యు పెట్టాలా ఐ పెట్టాలా, టీ తర్వాత హెచ్ ఉండాలా వద్దా. మా అబ్బాయిది ఒక మాట, కోడలిది ఒక మాట, డల్లాస్‌లో ఉన్న కోడలి అన్నగారిది ఇంకో మాట. ఫోన్లో ఒక గుంపు పెట్టుకుని ఓట్లు కూడా వేసుకున్నారు. ఓట్లేసి ఆడపిల్ల పేరు తేల్చడం నా ఎరుకలో ఇదే మొదలు.

మా రోజుల్లో పేరు కోసం వెతుకులాట ఉండేది కాదు నాయనా. పిల్ల కంటే ముందే పేరు ఇంట్లో ఉండేది. నాయనమ్మ పోయిన ఏడాదిలోపు ఆడపిల్ల పుట్టిందా, ఇంకో ఆలోచన లేదు, ఆవిడే మళ్ళీ వచ్చిందనేవాళ్ళు, ఆవిడ పేరే పెట్టేవాళ్ళు. లేదంటే మొక్కుకున్న దేవుడి పేరు. పురోహితుడు పంచాంగం తిప్పి నక్షత్రం, పాదం చూసి అక్షరం చెప్పేవాడు. 27 నక్షత్రాలు, తలా నాలుగు పాదాలు, మొత్తం 108. అశ్వినికి చూ, చే, చో, లా. మఖకి మా, మీ, మూ, మే. ఆర్ద్ర మూడో పాదానికి ఙ వస్తుంది, దానితో ఏం పేరు పెడతారు? ఏదో ఒకటి జన్మనామంగా జాతకంలో రాసి మడిచి పెట్టేవాళ్ళు. వ్యవహారానికి మాత్రం నాయనమ్మ పేరే. ఎవరికీ గొడవ లేదు, ఎవరికీ నిద్ర చెడలేదు.

ఆ పేర్లలో ఊళ్ళుండేవి, తెలుసా? అప్పలనరసమ్మ అంటే సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్న విశాఖపట్నం, విజయనగరం వైపు ఇంటి పిల్ల. నూకరత్నం అంటే అనకాపల్లి నూకాలమ్మ చలవ. సత్యవతి అంటే గోదావరి వైపు అన్నవరం వ్రతం. కోటేశ్వరమ్మ పేరు వింటే కోటప్పకొండ, తిరుపతమ్మ అంటే పెనుగంచిప్రోలు, ఓబులమ్మ అంటే అహోబిలం, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట, సమ్మక్క అంటే మేడారం. కరీంనగర్ వైపు పోతే అమ్మ కాస్తా అవ్వ అయి మల్లవ్వ, పోచవ్వ, లచ్చవ్వ. గుంటూరు, నెల్లూరు వైపు హిందువుల ఇళ్ళల్లో మస్తానమ్మలు ఎంతమందో. పిల్లలు నిలవక దర్గాలో మొక్కుకుంటే పుట్టినవాళ్ళు. రైల్లో ఎదురు బల్ల మీద కూర్చున్న ఆవిడ పేరు అడిగితే చాలు, ఏ వైపు మనిషో, ఏ దేవుడికి దణ్ణం పెట్టుకునే ఇల్లో సగం తెలిసిపోయేది. మిగతా సగం గుంటూరు దాటేలోపు ఆవిడే చెప్పేది.

ఇప్పుడు పిల్లల పేర్లు అన్విత, శాన్వి, ఆద్య, ఇషిక. చెవికి బాగానే ఉంటాయి, కాదనను. కానీ ఆ పిల్ల శ్రీకాకుళంలో పుట్టిందో చిత్తూరులో పుట్టిందో, అసలు తెలుగు పిల్లో కాదో చెప్పలేం. శాన్వి అంటే లక్ష్మీదేవి పేరండీ అని ఒక తల్లి నాతో చెప్పింది. నా దగ్గర బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం ఉంది, 1885లో మొదటిసారి వెలువడిన నిఘంటువు, కళ్ళజోడు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు వెతికాను. నాకు దొరకలేదు. లలితాదేవికి వెయ్యి పేర్లు, లక్ష్మీదేవికి అష్టోత్తరం, అవన్నీ మన ఇళ్ళల్లో రోజూ ఎవరో ఒకరు చదువుతూనే ఉన్నారు. వాటిల్లో ఒక్కటీ మీ పిల్లకి ఆనలేదా అమ్మడూ?

సరే, మా మనవరాలికి మంచి పేరే పెట్టారు, అందుకు సంతోషం. అది మా నాయనమ్మ పేరు. ఆవిడ అమృతమ్మ. ఊరివాళ్ళ నోట్లో అమురుతమ్మ. మా పెద్దపాలేరు అంబురతమ్మగారూ అనేవాడు. ఆవిడ పోయాక మా పెద్దక్క పుడితే ఆ పేరే వచ్చింది. మా అమ్మకి అత్తగారి పేరాయె, నోటితో అనకూడదు, పిల్ల అల్లరి చేస్తే ఆ పేరు పెట్టి తిట్టడం అసలే కూడదు. అందుకని అమ్మ అక్కని చిట్టీ అనేది. నాన్న మాత్రం ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, అమ్మా అనేవాడు, తన తల్లి పేరు పెట్టుకున్న పిల్లని ఇంకేమని పిలుస్తాడు? బళ్ళో వేసినప్పుడు మాస్టారు అమృతవల్లి అని రాసుకున్నారు. ఆ వల్లి ఎక్కడి నుంచి వచ్చిందని ఇంట్లో ఎవరూ అడగలేదు, వినడానికి బాగుందనుకున్నారు. శుభలేఖలో చి.ల.సౌ. అమృతవల్లి అని పడింది. అత్తారింటికి వెళ్ళాక వల్లి అయింది. ఇన్ని పేర్లకీ అక్క పలికేది. వీధిలోంచి వచ్చిన పిలుపుని బట్టే ఆ వచ్చింది పుట్టింటివాళ్ళో అత్తింటివాళ్ళో వంటింట్లోంచే చెప్పేది. ఒక్క మనిషికి ఇన్ని పేర్లుంటే తికమక కాదా తాతయ్యా అని మీరడుగుతారు. కాదు నాయనా. పిలిచేవాళ్ళంతా తెలిసినవాళ్ళే అయినప్పుడు తికమక ఎందుకుంటుంది?

పలకడం సంగతీ అంతే. సత్యవతిని సత్తెమ్మ అన్నారు, సరస్వతిని సరసోతి అన్నారు, భ్రమరాంబని బమరమ్మ అన్నారు, రాజ్యలక్ష్మిని రాజ్యం అని సగానికి కోసేశారు. లక్ష్మిని లచ్చి అన్నా మన వ్యాకరణమే ఒప్పుకుంది, ప్రకృతి వికృతుల పట్టికలో రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టింది. పలికేవాడి నోటికి తగ్గట్టు పేరు కాస్త ఒదిగేది. ఆ ఒదుగుడే ముద్దు. ఇప్పుడు ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే పిల్లలే అలుగుతున్నారు, నా పేరు సరిగ్గా పలకండి అంకుల్ అని.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. వేలమంది ఆడపిల్లల పేర్లు హాజరు పట్టీలో చదివాను, నా నోట్లోంచి ఆ పేర్లు రోజూ పొద్దున్నే వరసగా వచ్చేవి. అడ్మిషన్ రిజిస్టరులో పేరు తెలుగులోనే ఉండేది. పుట్టిన తేదీ తెలియని పిల్లకి జూన్ ఒకటో జూలై ఒకటో రాసేవాళ్ళం, అదీ ఆనాటి పద్ధతి. పదో తరగతికి వచ్చి పరీక్షకి నామినల్ రోల్స్ పంపేదాకా ఆ పిల్ల పేరు ఇంగ్లీషులో ఎలా ఉండాలన్న ప్రసక్తే రాదు. అప్పుడు గుమాస్తా ఒక మధ్యాహ్నం కూర్చుని తరగతి మొత్తానికీ స్పెల్లింగులు రాసేసేవాడు. ఒకే బెంచీ మీద ఇద్దరు సుజాతలుంటే, ఒకరి పేరులో హెచ్ పడింది, ఒకరి పేరులో పడలేదు. ఆ ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు. పేరు పిలిస్తే ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడేవాళ్ళు, నాకు ఇంటిపేరుతో పిలవాల్సి వచ్చేది, అంతే తేడా.

ఆ హెచ్ ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడొచ్చి మెడకి చుట్టుకుంది. ఆ సుజాతల్లో ఒకమ్మాయి, అమ్మాయేమిటి, దానికే మనవలొచ్చారు, మొన్న మా ఇంటికొచ్చి కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో హెచ్ ఉంది, ఆధార్‌లో లేదు, పాన్ కార్డులో ఉంది గానీ ఇంటిపేరు వెనక్కి పోయింది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరమే. మొగుడు పోయాక రావలసిన డబ్బు కోసం ఒక కార్యాలయం చుట్టూ తిరిగింది. ఈ నలుగురూ మీరేనని రుజువేమిటమ్మా అన్నారట. నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారట, పేపర్లో ప్రకటన వేయించమన్నారట. ఊరంతా తెలిసిన మనిషి, తన పేరు తనదేనని ముద్ర వేయించుకోవడానికి ఎండలో వరసలో నిలబడింది. నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఆ కాగితాలు రాసినవాడికి చెవులున్నాయి, సుజాత అని వినిపిస్తే సుజాత అనుకునేవాడు. ఇప్పుడు చూసేది కంప్యూటరు, దానికి చెవుల్లేవు, అక్షరాలు లెక్కపెట్టుకోవడమే తెలుసు.

అందుకనే మా అబ్బాయి ఇంత జాగ్రత్త పడుతున్నాడని నాకూ తెలుసు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చాలన్నా, ఆధార్ తీయాలన్నా, పాస్‌పోర్టు కావాలన్నా జనన ధ్రువపత్రమే మూలమైంది. అందులో ఎలా పడితే జీవితాంతం అలా. భయపడ్డాడు, పాపం. ఆ భయం తప్పనను. దేన్ని పట్టుకుని భయపడుతున్నాడో అక్కడే నాకు అభ్యంతరం.

ముందు ఆ ఋ సంగతి చూద్దాం. కోడలు పుణెలో పెరిగిన పిల్ల, అమ్రుత అంటుంది, మనలాగే. వాళ్ళ అన్నగారు ఢిల్లీలో చదివి డల్లాస్ పోయాడు, అమ్రితా అంటాడు, ఐ పెట్టాలంటాడు. ఇద్దరూ వచ్చి నన్నడిగారు, మీరు తెలుగు మాస్టారు కదా ఏది సరైనదో చెప్పండి అని. చెప్పాను. మనం, కన్నడిగులు, మరాఠీవాళ్ళు, గుజరాతీలు, ఒడియావాళ్ళు ఋని రు అంటాం. హిందీవాళ్ళు, బెంగాలీలు రి అంటారు. పూర్వ వ్యాకరణవేత్తలు ఋని అచ్చుల్లో పెట్టారు, నాలుక పైకి మడిచి పలికే మూర్ధన్యమన్నారు. అది నిజానికి రు కాదు, రి కూడా కాదు. ఆ పాత పలుకు నోళ్ళలో ఎప్పుడో పోయింది, పోయినచోట తలొకరూ తమ అలవాటుని పెట్టుకున్నారు. కాబట్టి ఆ ఢిల్లీ అబ్బాయిది తప్పని నేననలేదు. అనడానికి నా చదువు ఒప్పుకోలేదు.

కానీ ఒక్క సంగతి చూడండి. పంజాబీ కవయిత్రి అమృతా ప్రీతమ్, బుడాపెస్ట్‌లో 1913లో పుట్టిన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్, ఇద్దరి పేర్లూ ఇంగ్లీషులో ఐ తోనే రాస్తారు. మన తెలుగు పత్రికలవాళ్ళు ఏనాడూ ఆ ఐ ని చూసి అమ్రిత అని అచ్చు వేయలేదు. అమృత అనే వేశారు, మనం అమ్రుత అనే చదువుకున్నాం. నాగరి లిపిలో రాసినా అదే ఋకారం. ఇన్ని భాషలవాళ్ళు వంద రకాలుగా పలుకుతూ కూడా ఒకే పేరుగా రాసుకోగలిగారంటే అది ఆ అక్షరం గొప్పతనం. ఆ అక్షరాన్ని పక్కన పెట్టి ఇరవయ్యారు అక్షరాల పెట్టెలో పేరుని కుక్కబోయేసరికి యు నా, ఐ నా అని అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేసేదాకా వచ్చింది. కృష్ణని ఐ తోనే రాస్తున్నాం ఇన్నేళ్ళుగా. నది పేరు అలాగే రాస్తాం, జిల్లా పేరు అలాగే రాస్తాం. అయినా తెలుగువాడు తన నోటికొచ్చినట్టు కృష్ణా అంటాడు, కిష్టయ్య అంటాడు, కిట్టూ అంటాడు. రాసిన ఐ చూసి ఎవడూ నాలుక మార్చుకోలేదు.

ఇక త. మన దక్షిణాదివాళ్ళకి ఇంగ్లీషు టీ వినిపిస్తే ట అనిపిస్తుంది, అందుకని త రాయాలంటే పక్కన హెచ్ తగిలిస్తాం. లలిత, కవిత, గీత, స్వాతి అందరికీ హెచ్ ఉంది. ఉత్తరాదివాళ్ళు ఒట్టి టీతోనే త రాస్తారు, హెచ్ పెడితే థ అనుకుంటారు. ఇక్కడి లలిత అక్కడికెళ్తే లలిథ అవుతుంది, అక్కడి లలిత ఇక్కడికొస్తే లలిట అవుతుంది. ఇవి రెండూ ఇలా ఏడుస్తుంటే అమెరికాలో టీకి వాళ్ళ ట, హెచ్ చేర్చితే దంతాల మధ్య నాలుక పెట్టి ఊదే ఇంకో శబ్దం. మన త వాళ్ళ నోట్లో ఏ అక్షరంతోనూ రాదు. యు పెట్టి, ఐ పెట్టి, హెచ్ పెట్టి, హెచ్ తీసి, నాలుగు రకాలుగా కాగితం మీద రాసుకుని మా అబ్బాయి నెలల తరబడి చూస్తున్నాడు. ఆ నాలుగింట్లో ఏది రాసినా, రేపు పిల్ల మేనమామ దగ్గరికి వెళ్ళి చదివితే డల్లాస్ బళ్ళో టీచరు మా పిల్లని అమృత అని పిలవలేదు. అలాంటప్పుడు ఆ టీచరు కోసం మనం పేరు వంచడం దేనికి?

పోనీ వంచితే నిలుస్తుందా? మా తమ్ముడి మనవరాలు మేఘన, అక్కడే పుట్టింది. మేఘన అంటే మూడు అక్షరాలకీ మూడు అచ్చులు, తెలుగు పేరు. హిందీవాళ్ళు మధ్య అచ్చు మింగి మేఘ్‌నా అంటారు, భావనని భావ్‌నా అన్నట్టు, సాధనని సాధ్‌నా అన్నట్టు. స్పెల్లింగు వాళ్ళ పద్ధతిలో ఉంటే పొట్టిగా ఉంటుందని మధ్యలో ఏ తీసేశారు తల్లిదండ్రులు. ఆ పిల్ల వేసవికి ఇక్కడికొచ్చింది. బంగారుతల్లి, వచ్చీరాగానే కాళ్ళకి దణ్ణం పెట్టింది. నీ పేరేంటమ్మా అని అడిగాను, దాని నోటితో విందామని. మెగ్గ్‌నా అంది, ఘ లేదు, ఒత్తు లేదు, ఏత్వం లేదు. తన పేరు తానే తన టీచరు పిలిచినట్టు పలుకుతోంది. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. పిల్లని ఏమంటాం? రోజంతా దాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళే ఎక్కువ, ఇంట్లో పిలిచేవాళ్ళు పొద్దున అరగంట, రాత్రి అరగంట.

పిలవడమంటే గుర్తొచ్చింది. సంస్కృతంలో సీతా, రమా, గౌరీ అని దీర్ఘాంతాలు. తెలుగులోకి వచ్చేసరికి సీత, రమ, గౌరి అని కురచ అవుతాయి, 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం కట్టి మరీ చెప్పాడు. కానీ వాకిట్లో నిలబడి పిలిచామా, ఆ దీర్ఘం మళ్ళీ తిరిగొస్తుంది. సీతా! గౌరీ! అమృతా! పేరు చెప్పేటప్పుడు కురచ, పిలిచేటప్పుడు పొడుగు. నలభై మంది పిల్లలున్న తరగతిలో ఈ సూత్రం చెప్పడానికి నాకు ఉదాహరణలు వెతకాల్సిన పని ఉండేది కాదు, కిటికీ బయట ఏ తల్లో పిలుస్తూనే ఉండేది. ఇప్పుడు పిలుపేదర్రా? మీ అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు నుంచి కిందకి మెసేజ్ పెడతారు, భోజనానికి రా అని. పేరు నోటితో గట్టిగా పిలవకపోతే దాని పొడవెంతో ఎలా తెలుస్తుంది? అందుకే చివర ఒక ఏ సరిపోతుందా, రెండు ఏలు పెట్టాలా అని మళ్ళీ కాగితం మీదే తగువు.

సంఖ్యాశాస్త్రం వాళ్ళ గురించి మాట్లాడాలంటే నా రక్తపోటు పెరుగుతుంది, క్లుప్తంగా చెప్తాను. అక్షరానికో అంకె కట్టి, కూడి, కలిసిరాలేదని ఇంకో ఏ, ఇంకో వై చేర్చమంటారు. శ్రీకి రెండు ఈలు పెడితే ఒక ఫలం, ఐ పెడితే ఒక ఫలం, మధ్యలో హెచ్ పెడితే ఇంకో ఫలం. మా వీధి చివర ఒక పిల్ల గుమ్మం మీద పేరు పలక చూశాను, ఎంతసేపు చదివినా అది ఏ పేరో అర్థం కాలేదు. తలుపు తీసిన తల్లిని అడిగితే శిరీష అంది. పువ్వు పేరమ్మా అది, ఎంత మెత్తటి పువ్వు, దాన్ని అన్ని అక్షరాల కింద నలిపేశారు. పేరు మార్చుకోవడమే ఇష్టమైతే శుభ్రంగా మార్చుకోవచ్చు. సినిమాకి వచ్చేటప్పుడు లలితారాణి జయప్రద అయింది, సుజాత జయసుధ అయింది, సరస్వతి శారద అయింది. ఎవరు కాదన్నారు? ఆ కొత్త పేర్లు కూడా చదువురాని ముసలమ్మ నోటికి సైతం ఒక్కసారికే పట్టుబడ్డాయి. అలా మార్చుకుంటే నేను ఒక్క మాట అనను.

మా రోజుల్లో అంతా బంగారమే అని మీతో అబద్ధం చెప్పలేను. నా తరగతిలో పెంటమ్మ ఉండేది. ముందు పుట్టినవాళ్ళు పోతే, ఈ పిల్లయినా దక్కాలని పెంటకుప్ప మీద పొర్లించి ఆ పేరు పెట్టారు. పెట్టింది ప్రేమతోనే. కానీ హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీల్లో నవ్వు, ఆ పిల్ల తల వంచుకునేది. ఇంకో సంగతి, ఆ రోజుల్లో కన్నతల్లిని ఏం పేరు పెడదామని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మా అమ్మకి తన కూతురు పేరు నోటితో అనే వీలు కూడా లేకపోయింది, ఆ సంగతి ఇందాక ముద్దుగా చెప్పుకొచ్చాను గానీ, అమ్మ దాని గురించి ఏమనుకునేదో అడిగినవాళ్ళు లేరు. ఇవాళ మా కోడలు కూర్చుని నా కూతురి పేరు నేను చెప్పినట్టు రాయాలి అంటోంది. అనాలి. ఆ ఒక్క విషయంలో మీ కాలమే నయం. మిగతా అన్ని విషయాల్లోనూ మాదే నయం, అది మళ్ళీ వేరే సంగతి.

నాకు బాధ కలిగించింది ఏమిటంటే, ఈ మధ్య ఇంకొకరి ఇంట్లో బారసాలకి వెళ్తే ఆ తండ్రి బియ్యంలో ఇంగ్లీషు అక్షరాలు రాశాడు. పురోహితుడు చూస్తూ ఊరుకున్నాడు. నేను లేచి వెళ్ళి అడిగాను కూడా, ఏమయ్యా తెలుగు రాదా అని. వస్తుందండీ, స్పెల్లింగు ఫైనల్ అయింది కదా, ఫోటోలో బాగుంటుందని అన్నాడు. వాళ్ళ పెద్దవాళ్ళు నన్ను మెల్లిగా భోజనాల వైపు తీసుకెళ్ళారు. ఒక ఊరి పేరు సంగతి చూడండి. దొరలు కడప పేరుని సీతో మొదలుపెట్టి, రెండు డీలు వేసి, చివర హెచ్ తగిలించి రాసుకున్నారంటే వాళ్ళ చెవికి అలా వినిపించింది కాబట్టి రాసుకున్నారు. మనవాళ్ళు 2005లో ఆ స్పెల్లింగు తీసేసి కేతో శుభ్రంగా మన పలుకుకి దగ్గరగా పెట్టుకున్నారు. ఊరి పేరుకి ఉన్న పట్టింపు కన్నకూతురి పేరుకి ఉండొద్దా?

అందుకని మా అబ్బాయికి ఉత్తరం రాశాను. ఫోన్లో చెప్తే మధ్యలో ఇంకో ఫోన్ వస్తుంది వాడికి. యు పెట్టు, ఎందుకంటే పిల్ల తల్లి అలా పిలుస్తుంది, ఇంట్లో అందరం అలాగే పిలుస్తాం. హెచ్ కూడా ఉంచు, మన వైపు వాళ్ళంతా అలాగే రాస్తారు, బళ్ళో పక్క బెంచీ లలితకి ఉన్నది దీనికీ ఉంటుంది. చివర ఒక్క ఏ చాలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఇంటిపేరుకే వదిలెయ్, పేరు గడిలో పేరు ఒక్కటే ఉంచు, పొడి అక్షరాలు ఎక్కడా పెట్టకు. ధ్రువపత్రంలో ఎలా పడిందో ఆధార్‌లో అలాగే, బళ్ళో అలాగే, ఒక్క అక్షరం తేడా రాకూడదు. ఒకసారి రాశాక ఏ అంకెల జ్యోతిష్యుడు చెప్పినా, ఏ బావమరిది చెప్పినా మార్చకు. డల్లాస్‌లో ఎవరైనా తప్పు పలికితే అది పెద్దయ్యాక తానే దిద్దుతుంది, దిద్దడం దానికి నేర్పు. అమ్మాయి రాసే మొదటి అక్షరాలు మాత్రం తెలుగులో దాని పేరే కావాలి. మ కింద ఆ సుడి తిప్పడానికి చెయ్యి తిరక్కపోతే నా దగ్గరికి పంపు, పలకా బలపం తెచ్చి పెట్టాను.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద పేరు లేకుండానే పుట్టుక నమోదు చేసుకోవచ్చు, పేరు ఏడాదిలోపు రుసుము లేకుండా రాయించుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ళ దాకా కూడా రాయించుకోవచ్చు. ఆ 15 ఏళ్ళ మాట మాత్రం మా వాడికి ఉత్తరంలో రాయలేదు. మీరూ చెప్పకండి. వాడు అన్నేళ్ళూ ఆలోచిస్తూ కూర్చునే రకం.